షేక్‌స్పియర్ తోటలో ఒక కాగితం

నాటకం మొదలయ్యేసరికి షేక్‌స్పియర్ తన ఇంటి తోటలో బల్ల మీద కూర్చుని ఉంటాడు. ఒక బిచ్చగత్తె వచ్చి చెయ్యి చాస్తుంది, ముసలి తోటమాలి వచ్చి నోటికొచ్చినట్టు మాట్లాడతాడు, ఇంటిపనులు చూసుకునే ఆవిడ ఊరి సంగతులు కదుపుతుంది. ఆయన మాత్రం అడిగినదానికి ఒకటి రెండు మాటలతో బదులిచ్చి ఊరుకుంటాడు. ఇంగ్లీషు భాషకు అన్ని మాటలు కట్టబెట్టిన మనిషి రంగస్థలం మీద ఇంతసేపు నోరు మెదపకుండా కూర్చోవడం చదువరికి మొదట చిరాకు కలిగిస్తుంది. నాకూ కలిగింది. రెండోసారి చదివితే గాని ఆ మౌనం ఎంత బరువైనదో తెలియలేదు.

నాటకం పేరు ‘బింగో’, రచయిత ఎడ్వర్డ్ బాండ్. 1973 నవంబరులో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో, నార్త్‌కాట్ థియేటర్‌లో దీన్ని మొదటిసారి ప్రదర్శించారు. బింగో అంటే అంకెలు పిలిచి చీట్లలో కొట్టేసుకునే ఆట, మన హౌసీకి దగ్గరి చుట్టం. షేక్‌స్పియర్ చివరి రోజుల నాటకానికి ఈ పేరేమిటని అనిపించక మానదు గాని, ‘డబ్బు, చావుల దృశ్యాలు’ అన్న ఉపశీర్షిక చూశాక ఆ ప్రశ్నలో సగం తీరిపోతుంది. ఆరు దృశ్యాలే ఉన్న చిన్న నాటకం. బాండ్ పేరు విన్నవారిలో కూడా దీన్ని చదివినవారు తక్కువ; ఆయన పేరు చెప్పగానే అందరూ ఎత్తేది ‘సేవ్డ్’ను, అందులో తోపుడుబండిలోని పసిబిడ్డను కుర్రాళ్ళు రాళ్ళతో కొట్టి చంపే దృశ్యాన్ని, 1965లో దాని చుట్టూ రేగిన సెన్సారు గొడవనే.

బాండ్‌కు షేక్‌స్పియర్‌తో ఉన్న బంధం చిన్ననాటిది. లండన్‌లో సామాన్య కుటుంబంలో పుట్టి, పదిహేనేళ్ళకే బడికి స్వస్తి చెప్పిన మనిషి ఆయన. 1948లో, పద్నాలుగో ఏట, నటుడు డొనాల్డ్ వుల్ఫిట్ వేసిన ‘మక్బెత్’ను చూశాడు; తన బతుకు గురించి తనతో మాట్లాడినవాళ్ళు మొదటిసారి అక్కడే కనిపించారన్న అర్థంలో ఆ అనుభవాన్ని జీవితాంతం చెప్పుకున్నాడు. 1971లో ‘లియర్’ అనే నాటకం రాసి, షేక్‌స్పియర్ సృష్టించిన లియర్ రాజును తనదైన కథలో నిలబెట్టాడు. ఆ తర్వాత రెండేళ్ళకే ‘బింగో’. అంటే ముందు పాత్రతో తగవు పెట్టుకుని, తర్వాత నేరుగా ఆ పాత్రను సృష్టించినవాడి ఇంటికే వెళ్ళి తలుపు తట్టాడన్నమాట. దీన్ని ద్వేషం అనుకుంటే పొరపాటు. మన సాహిత్యంలో నిందాస్తుతి అనే మాట ఉంది. అందులో స్తుతి పాలు బాగా తగ్గించి నింద పాలు పెంచితే వచ్చేది ఈ నాటకం.

అసలు సంగతి ఒక కాగితం. కథాకాలం 1615, 1616 సంవత్సరాలు. షేక్‌స్పియర్ లండన్ రంగస్థలానికి దూరమై, సొంత ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లో 1597లో కొన్న న్యూ ప్లేస్ అనే పెద్ద ఇంట్లో ఉంటున్నాడు. ఊరి భూస్వామి విలియం కూమ్ పక్కనే ఉన్న వెల్కమ్ పొలాలకు కంచె వేసి, సాగుభూమిని గొర్రెల బీడుగా మార్చాలని చూస్తున్నాడు. తరతరాలుగా చిన్న రైతులు చీలికలు పేలికలుగా సాగుచేసుకుంటున్న ఉమ్మడి పొలాల చుట్టూ కందకాలు తవ్వి, గట్లు పోసి, ముళ్ళపొదలు నాటి ఒకరి సొంతం చేయడం ఆ కాలపు ఇంగ్లండ్‌లో పెద్ద గొడవ; 1607లో వార్విక్‌షైర్‌తో సహా నడిమి జిల్లాలలో దీని మీద తిరుగుబాటే జరిగింది. పట్టణ సంఘం కూమ్‌ను ఎదిరిస్తోంది. షేక్‌స్పియర్‌కు ఆ భూముల ఆదాయంలో వాటా ఉంది గనుక ఆయన ఎటు మొగ్గితే అటు బలం పెరుగుతుంది. కూమ్ ఒక పత్రంతో వస్తాడు: కంచె వల్ల ఆయనకు వచ్చే రాబడి తగ్గకుండా తాను పూచీ పడతాడు, అందుకు బదులుగా ఆయన పట్టణ సంఘం పక్షాన నిలబడకూడదు. షేక్‌స్పియర్ ఆ ఏర్పాటుకు ఒప్పుకుంటాడు. ఎవరినీ చంపడు, ఎవరి కొంపా కూల్చడు. నాటకంలో ఆయన చేసే నేరం మొత్తం ఇంతే.

కూమ్‌ను బాండ్ దుర్మార్గుడిలా మాట్లాడనివ్వడు. సేద్యం బాగుపడాలంటే కొందరికి కష్టం తప్పదనీ, చీలికల పొలాలతో ఎవరికీ లాభం లేదనీ అతడు లెక్కలు తెలిసిన మనిషిలా, కాస్త ఓపికగానే చెబుతాడు. ఇలాంటి మాటలు ఎక్కడో విన్నామనిపించే గొంతు అది. అతడే ఊరి న్యాయాధికారి కూడా. తోటలోకి వచ్చిన ఆ బిచ్చగత్తెకు కొరడా దెబ్బల శిక్ష వేసేదీ అతడే. పనీ పాటా లేక ఊళ్ళు తిరిగేవారిని నడుము దాకా బట్టలు విప్పించి, నెత్తురు వచ్చే వరకు నలుగురిలో కొట్టి, పుట్టిన ఊరికి తరిమేయాలన్నది ఎలిజబెత్ కాలం చివర చేసిన చట్టం. నాటకం దీన్ని కల్పించలేదు. కొన్ని నెలల తర్వాత ఆమె మళ్ళీ అదే తోటలో, ఒళ్ళంతా వణుకుతూ, దాక్కుని కనిపిస్తుంది. గడ్డివాములకూ కొట్టాలకూ నిప్పు పెట్టిందని పట్టుకుపోతారు. మూడో దృశ్యానికి ఆమె గుట్ట మీద కొయ్యకు వేలాడుతూ ఉంటుంది.

నా మటుకు నాకు మొత్తం నాటకంలో ఎదురులేనిది ఈ మూడో దృశ్యం. ఉరికొయ్యకు శవం, కింద షేక్‌స్పియర్ కూర్చుని ఉన్నాడు, కొంచెం ఎడంగా ఇద్దరు పొలం కూలీలు, ఒక ఆడ, ఒక మగ, పని మధ్యలో విరామం దొరికి మూట విప్పుకుని తిండి తింటున్నారు. శవాన్ని చూడలేక వాళ్ళు అటు తిరిగి కూర్చోరు, పనిగట్టుకుని ఇటు తిరిగీ కూర్చోరు. కొయ్య అక్కడ ఉంది, నీడ ఉంది, తిండి వేళ అయింది. ఆ దృశ్యంలోనే షేక్‌స్పియర్‌కు మొదటిసారి మాటలు పెగులుతాయి. లండన్‌లో నాటకశాల పక్కనే ఉన్న ఎలుగుబంట్ల బరిని ఆయన తలుచుకుంటాడు: గొలుసుకు కట్టిన ఎలుగు మీదికి కుక్కలను ఉసిగొల్పి, జనం డబ్బిచ్చి చూసే ఆట అది. థేమ్స్ దక్షిణపు ఒడ్డున గ్లోబ్ నాటకశాలకూ ఆ బరికీ మధ్య దూరం నిజంగానే తక్కువ; ఇక్కడ చప్పట్లు కొట్టిన జనమే అక్కడా కొట్టేవారు. బతికి ఉండడానికి ఎంత ఖర్చవుతుందన్న ప్రశ్న ఆయన నోట వస్తుంది. రంగం మీద అంతకుముందు కూమ్ నోట వినిపించిన లెక్కల భాషే అది. అయితే ఈ లెక్క రాబడి వైపుది కాదు.

ఇక్కడ బాండ్ పైకి చెప్పకుండా వదిలేసిన ఒక సంబంధం నన్ను చాలా రోజులు వెంటాడింది. ‘కింగ్ లియర్’ నాలుగో అంకంలో పిచ్చెక్కిన రాజు, ఒక వేశ్యను కొరడాతో కొడుతున్న ఊరి బంట్రోతును ఊహించుకుని, నీ నెత్తుటి చెయ్యి ఆపరా, ముందు నీ వీపు చూపించు అని కేక వేస్తాడు. మూడో అంకంలో తుఫానులో నిలబడి, గూడూ గుడ్డా లేని పేదల గురించి తాను ఏనాడూ పట్టించుకోలేదని ఏడుస్తాడు. ఈ మాటలు రాసిన చెయ్యే ‘బింగో’లో కూమ్ కాగితాన్ని అందుకుంటుంది, ఆ కొరడా దెబ్బలు తిన్న మనిషే తోటలో వణుకుతుంది. నాటకానికి రాసుకున్న ముందుమాటలో బాండ్ దీన్ని ఒక్క పోలికలో తేల్చేస్తాడు: ఆస్తిపరుడిగా షేక్‌స్పియర్ నడత లియర్ కంటే గోనరిల్‌కే దగ్గర. తండ్రిని గాలివానకు వదిలేసిన కూతురు గోనరిల్. కఠినమైన మాటే. కానీ తేదీలు చూస్తే బాండ్‌కు కావలసినదాని కంటే ఎక్కువ బలమే దొరుకుతుంది. చర్చికి చెందవలసిన పంట దశమభాగాలలో వాటాను షేక్‌స్పియర్ 440 పౌండ్లు పోసి కొన్నది 1605 జులైలో. దాని రాబడి ఏటా 60 పౌండ్ల దాకా ఉండేది; ఆ ఊరి బడిపంతులు జీతం ఏడాదికి 20 పౌండ్లు. ‘కింగ్ లియర్’ రాజు ముందు ప్రదర్శితమైనది 1606 డిసెంబరులో. అంటే, తుఫానులోని ఆ పేదలను ఊహిస్తున్న రోజులకూ, ఆ పెట్టుబడి పెట్టిన రోజులకూ మధ్య పెద్ద ఎడం లేదు.

నిజంగా ఏం జరిగిందన్నది నాటకం కంటే చిక్కైన కథ. 1614 అక్టోబరు 28న కంచె పక్షం వారితో షేక్‌స్పియర్‌కు కుదిరిన ఒప్పందం ఇప్పటికీ ఉంది. దశమభాగాల రాబడికి కంచె వల్ల నష్టం వస్తే భర్తీ చేస్తామని అందులో రాసి ఉంది. కంచెను ఎదిరించిన పట్టణ సంఘం కార్యదర్శి థామస్ గ్రీన్ షేక్‌స్పియర్‌కు బంధువు, కొంతకాలం న్యూ ప్లేస్‌లోనే ఉన్నవాడు. అతడు రాసుకున్న రోజువారీ కాగితాల వల్లనే మనకీ వివరాలు దక్కాయి. ఒప్పందం జరిగిన మూడు వారాలకు, నవంబరు 17న, గ్రీన్ లండన్‌లో షేక్‌స్పియర్‌ను కలిసి కంచె సంగతి అడిగాడు. ఆయన ఫలానా పొద దాకా మాత్రమే కంచె వస్తుందని వాళ్ళు తనకు చెప్పారనీ, అసలు ఏమీ జరగదనే తానూ, అల్లుడు డాక్టరు హాల్ కూడా అనుకుంటున్నామనీ చెప్పాడు. గ్రీన్ అది రాసుకున్నాడు. అంతే.

కానీ జరిగింది. డిసెంబరులోనే కందకాల పని మొదలైంది. 1615 జనవరిలో పట్టణ సంఘం పెద్దలిద్దరు పారలు పట్టుకుని కందకం పూడ్చడానికి వెళితే కూమ్ మనుషులు వాళ్ళను నేలమీద పడేసి కుమ్మారు. కూమ్ గుర్రం మీద కూర్చుని నవ్వుతూ, వీళ్ళు మంచి ఫుట్‌బాల్ ఆటగాళ్ళే అన్నాడట. ఆ వెంటనే స్ట్రాట్‌ఫర్డ్ నుంచీ, పక్కనున్న బిషప్‌టన్ నుంచీ ఆడవాళ్ళూ పిల్లలూ గుంపుగా వెళ్ళి కందకాలు పూడ్చేశారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు బాండ్ మీద కొద్దిగా కోపం వస్తుంది. నాటకంలో కందకాలు పూడ్చేది ప్రధానంగా ఒక కరడుగట్టిన ప్యూరిటన్ (కఠిన మతనియమాల క్రైస్తవ వర్గం) యువకుడూ అతని తోటివాళ్ళూ. ఆ యువకుడి ఆవేశంలో మతపిచ్చి ఎంత, న్యాయం ఎంత అన్నది తేలకుండా ఉంచడం బాండ్ తెలివే. అయినా పిల్లలను చంకనేసుకుని పారలతో బయలుదేరిన ఆ ఆడవాళ్ళను రంగం మీదికి తీసుకురాకపోవడం పెద్ద లోటనే అనిపిస్తుంది. చివరికి ఆ వసంతంలో వార్విక్ కోర్టులో ప్రధాన న్యాయమూర్తి ఎడ్వర్డ్ కోక్ కంచెను నిలిపివేశాడు. కూమ్ ఆ తర్వాతా మొండికేశాడు గానీ, షేక్‌స్పియర్ 1616 ఏప్రిల్ 23న కన్నుమూసే నాటికి వెల్కమ్ పొలాల కంచె పూర్తి కాలేదు.

నాటకంలోని నాలుగో దృశ్యం ఒక తాగుడు సభ. ఆ కాలపు మరో పెద్ద నాటకకర్త బెన్ జాన్సన్ లండన్ నుంచి వస్తాడు. షేక్‌స్పియర్, జాన్సన్, కవి డ్రేటన్ కలిసి అతిగా తాగడం వల్ల షేక్‌స్పియర్‌కు జ్వరం వచ్చి చనిపోయాడని, ఆయన పోయిన దాదాపు యాభై ఏళ్ళకు స్ట్రాట్‌ఫర్డ్ పాదిరి ఒకాయన రాసిపెట్టిన పుకారు నుంచి ఈ దృశ్యం పుట్టింది. డ్రేటన్‌ను బాండ్ ఇంటి దగ్గరే వదిలేశాడు. ఏమి రాస్తున్నావని జాన్సన్ అడుగుతాడు. ఏమీ లేదు అన్నదే జవాబు. జాన్సన్ మాత్రం ఆగడు: ద్వంద్వయుద్ధంలో మనిషిని చంపడం, జైళ్ళు, బొటనవేలికి వేసిన వాత, అన్నీ తాగిన నోటితో ఏకరువు పెడుతూ, తన బతుకంతా ఇంత గందరగోళమైతే నీకు ఆ ప్రశాంతత ఎక్కడిదని కసిగా చూస్తాడు. హాస్యమూ అసహ్యమూ కలగలిసిన ఈ దృశ్యాన్ని చదువుతుంటే నవ్వు వస్తుంది, నవ్వాక సిగ్గేస్తుంది. 1974లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో జాన్ గీల్‌గుడ్ షేక్‌స్పియర్‌గానూ, టెలివిజన్ హాస్యంతో ఇంటింటికీ తెలిసిన ఆర్థర్ లో జాన్సన్‌గానూ ఈ సభ నడిపారు. షేక్‌స్పియర్ పద్యం చెప్పడంలో తన కాలంలో సాటిలేడనిపించుకున్న గీల్‌గుడ్‌ను తెచ్చి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చోబెట్టడం ఎంత గడుసుదనమో! రెండేళ్ళ తర్వాత పాట్రిక్ స్టూవర్ట్ అదే పాత్రను స్ట్రాట్‌ఫర్డ్‌లోనే, రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ వారి చిన్న రంగశాలలో వేశాడు, మళ్ళీ 2010లో చిచెస్టర్‌లోనూ, 2012లో లండన్ యంగ్ విక్‌లోనూ దానికే తిరిగి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక నటుడి మనసులోంచి పోని పాత్రను విఫలమైన పాత్ర అనడం కష్టం.

అయితే నాటకం చివర నాకు పూర్తిగా నచ్చదు. ఐదో దృశ్యంలో మంచులో పడి ఉండడం, చీకట్లో ఎవరో కాల్చిన తుపాకీకి తోటమాలి బలికావడం వరకు బాగానే ఉంది. ఆ ముసలివాడు బుర్రకు తగిలిన పాత దెబ్బ వల్ల పసివాడి తెలివితోనే మిగిలిపోయి, చావుకు కాసేపటి ముందు మంచు ఉండలు విసురుతూ ఆడుకుంటాడు. కానీ ఆరో దృశ్యంలో షేక్‌స్పియర్ జాన్సన్ దగ్గర తీసుకున్న విషాన్ని మింగి, తన కేసుకు తానే తీర్పు చెప్పుకుంటాడు. బాండ్ న్యాయపీఠం నుంచి దిగి రావడానికి ఇష్టపడలేదు. నేరం తెలిసినవాడు చావాలన్న ఆ లెక్క నాటకానికి సరిపోవచ్చు గాని, అసలు మనిషి అలా చేసినట్టు ఏ ఆధారమూ లేదు. మార్చి 25న వీలునామా సవరించి, పెద్ద కూతురు సుసానాకు ఇల్లూ భూములూ రాసి, భార్యకు ఉన్నవాటిలో రెండో మంచి మంచం వదిలి, మామూలు ఆస్తిపరుడిలాగే వెళ్ళిపోయాడు. తాను చేసింది ఏనాడూ తనకు తట్టకుండానే పోయి ఉంటే అది ఇంకా భయంకరం కాదా? ఆ ప్రశ్న బాండ్ వేసి ఉండవలసింది. సుసానాను నాటకం నుంచి తీసేసి, ఆప్యాయత లేని చిన్న కూతురు జూడిత్‌ను ఒక్కదాన్నే ఉంచడం కూడా నాకు తేలికదారి అనిపించింది. ఏదేమైనా చిట్టచివరి చిత్రం మాత్రం వదలదు: తండ్రి నేల మీద పడి ఉంటే, జూడిత్ గదంతా వెతుకుతుంది. ఆమె వెతికేది కాగితాల కోసం.

చావుకు ముందు షేక్‌స్పియర్ నోట మాటిమాటికీ వచ్చే ఒక చిన్న ప్రశ్న ఉంది. ఆరో దృశ్యాన్ని నా కోసం తెలుగులో రాసుకుందామని కూర్చుని, ఆ ఒక్క ప్రశ్న దగ్గర వారం రోజులు ఆగిపోయాను. ఇంగ్లీషులో ఆ వాక్యానికి కర్త లేడు. చేసింది ఎవరో చెప్పకుండా, ఏమైనా చేయడం జరిగిందా అని మాత్రమే అడుగుతుంది. మన క్రియ అలా తప్పించుకోనివ్వదు. ‘చేశానా’ అంటే నేరం ఆయన నెత్తిన పడుతుంది, ‘చేశామా’ అంటే అందరికీ పంచిపెట్టినట్టవుతుంది, ‘చేయబడిందా’ అంటే కోర్టు కాగితంలా ఉంటుంది. గ్రీన్ రాతల్లోనూ ఇలాంటి చిక్కే ఒకటుంది. వెల్కమ్ కంచెను భరించలేనని షేక్‌స్పియర్ ఒకరితో అన్నట్టు 1615 సెప్టెంబరులో అతడు రాసిన వాక్యంలో ఆ ‘నేను’ షేక్‌స్పియరో, గ్రీనో, లేక అది ‘అతడు’ అని రాయబోయి పడిన తప్పో పండితులు నేటికీ తేల్చలేదు. ఒక సర్వనామం మీద ఒక మనిషి మనస్సాక్షి ఆధారపడి ఉంది.

చివరికి నేను ‘ఏమైనా జరిగిందా?’ అని రాసుకున్నాను. అందులో కర్త లేడు, బాధ్యత లేదు, పశ్చాత్తాపం కూడా సగమే ఉంది. నవంబరు 17న లండన్‌లో గ్రీన్‌తో ‘అసలు ఏమీ జరగదు’ అన్న మనిషి, పదిహేడు నెలల తర్వాత మంచం దిగలేని స్థితిలో అడిగితే ఇలాగే అడుగుతాడనిపించింది.